అయ్య ఒల్లనన్న డెక్కు పని

మొన్న బడ్జెట్ రోజున, భవానీపూర్‌లో మేముంటున్న అపార్ట్‌మెంట్ కింద చేరిన పెన్షనర్లంతా పన్ను తగ్గిందని బెంగాలీ సందేశ్ మిఠాయిలు పంచుకుంటూ నా చేతిలో కూడా ఒకటి పెట్టారు గానీ, నాకు మాత్రం తినబుద్ధి కాలేదు. ఢిల్లీ వాళ్ళు ఒక చేత్తో ఇచ్చారంటే రెండో చెయ్యి ఎక్కడుందో వెతకడం నాకు మా అయ్య నుంచి వచ్చిన జబ్బు. ఓడరేవు ఇళ్ళలో పెరిగిన నా ఈడు వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయ్య శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో కళాసీగా చేరాడు. మేం ఏక్‌బాల్‌పూర్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. ఓడ అడుగుకి దిగి సిమెంటో, గంధకమో, ఎరువో, ఏదొస్తే అది క్రేను కొక్కేనికి తగిలించి పైకి పంపడం ఆయన పని. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్ముండేది, దగ్గు మొదలైతే పక్క గదివాళ్ళు మాటలాపేసేవారు. ఆ పని మానిపించమని మా అమ్మ మొక్కని దేవుడు లేడు.

అలాంటిది ఒక ఏడు ఆయన్ని డెక్కు మీదికి తీసుకుంటామన్నారు. పైన గాలిలో నిలబడి క్రేను నడిపేవాడికి చేతి సైగలు చేసే పని, దుమ్ము లేదు, జీతమూ ఎక్కువే. అమ్మ సంబరానికి అంతులేదు. ఇంతలో అందరూ దాదా, అంటే అన్న, అని పిలిచే జీతాల గుమస్తా ఒకాయన అయ్యని పక్కకి పిలిచి, పెరిగిన జీతం పన్ను గీత దాటుతుందనీ, దాటితే మొత్తం జీతం మీద ఇన్‌కమ్ టాక్స్ కోసేస్తారనీ, చివరికి ఇప్పటికన్నా తక్కువే చేతికొస్తుందనీ చెప్పాడట. అయ్య నమ్మేశాడు. నమ్మక ఏం చేస్తాడు! మేడా కారూ ఉన్న కాంట్రాక్టరు ఏటేటా నష్టం చూపించి పైసా కట్టడనీ, కూలివాడికి మాత్రం జీతం చేతికి రాకముందే కత్తిరిస్తారనీ రేవంతా చెప్పుకునేదే. “గొప్పోలని ఒగ్గేసి నన్ను పట్టుకుంటారేటి? నానొల్లను,” అనేశాడు. అమ్మ కోపంతో పొయ్యి వెలిగించలేదు, ఏడ్చింది, అయినా ఆయన మెత్తబడలేదు.

చాలా ఏళ్ళకి నేను పంతులమ్మనై నా జీతంలోంచి పన్ను కోయించుకున్నప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. గీత దాటిన ముక్క మీదే పన్నట, మొత్తం మీద కాదట! ఆ డెక్కు పని గుమస్తా బావమరిదికే దక్కిందని గుర్తొచ్చాక, ఆ దాదాకి నిజంగా తెలియదా, తెలిసే అన్నాడా అని ఇప్పటికీ అనుమానమే. అడుగుదామంటే మనిషే లేడు.

అయ్య ఓడ అడుగునే ఉండి, ఆ దగ్గుతోనే పోయాడు. ఢిల్లీకి పైసా కట్టకుండా బతికానని చివరిదాకా మురిసిపోయాడు, పిచ్చి మారాజు. అమ్మ సందు చివర షాపులో కొనుక్కొచ్చిన ప్రతి దగ్గుమందు సీసాలో, అగ్గిపెట్టెలో ఢిల్లీ వాటా లేదా? ఆ సీసాకి మేడలోని కాంట్రాక్టరు ఎంత కడతాడో మా అయ్యా అంతే కట్టాడు. కాకపోతే సీసా మీద ధర ఒక్కటే ఉండేది, అందులో పన్నెంతో ఎవరూ చెప్పేవారు కాదు. ఇప్పుడు బిల్లు మీద పన్ను విడిగా అచ్చువేసి మరీ చేతిలో పెడుతున్నారు, మనమే చూడకుండా నలిపి పారేస్తున్నాం. ఆ రోజుల్లోనే అలా అచ్చువేసి ఉంటే, ఎలాగూ కడుతూనే ఉన్నానని తెలిసి, మా అయ్య పైకెక్కి వచ్చేవాడేమో.