నా కొడుకు మెళ్ళో పడ్డ కండువా

మా ఊళ్ళో ఎవరి కండువా మెళ్ళో పడితే వాళ్ళ మనిషివైపోయినట్టే. సంతకం అక్కర్లా, ఒట్టు అక్కర్లా. ఆ రోజు నుంచి నీ గేదె కూడా ఆ పార్టీదే.

మాచర్ల బస్సు దిగిన నా కొడుక్కి మా వీధి పెద్దాయన తన పార్టీ కండువా కప్పాడు. నేను పక్కనే ఉన్నా. అడ్డం పడేలోగా వాడు వంగాడు. నాలుగేళ్ళు మిలిటరీలో ఉండొచ్చినోడు గదా, అక్కణ్ణించి పంపేటప్పుడు ఆఫీసరు దండేస్తే ఎట్టా వంగాడో ఈడా అట్టాగే వంగాడు. డప్పులు మోగాయి, ఫోటోలు తీశారు. పొద్దుగూకేలోగా ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ వాడు ఆ పార్టీ మనిషి.

ఈ నాలుగేళ్ళ సంగతేందో చెప్పాలి. ఇదివరకు మిలిటరీలో చేరితే చానా ఏళ్ళ కొలువు, దిగిపోయాక పింఛను. ఇప్పుడు సైన్యాన్ని కుదిస్తన్నారంట, పింఛన్లు భారమంట. నాలుగేళ్ళు చేయించుకుని కొద్దిమందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళని ఇళ్ళకి పంపుతారు. నా కొడుకు మిగతావాళ్ళలో పడ్డాడు. ఢిల్లీ లెక్కలు నాకు తెలవవు. కొడవలి నూరి, కోత అయిపోయిందని పిల్లలాడుకునే చోట పడేసిపోతే ఎట్టా ఉంటదో, నాకు అట్టా ఉంది. ఆ కొడవలి యాడ పడిందో చూడండి. పల్నాట్లో పడింది.

మా ఆయన కూడా ఇట్టాంటి కండువాతోనే పోయాడు. పెద్దాయన జీపు వెనకాల నిలబడేది ఆయన పని. ఒకసారి ఓట్ల ముందు ఆ జీపు మీద బాంబులేశారు. జీపులో ముందు కూర్చున్నోళ్ళకి గీత కూడా పడలా. ఆ తర్వాత ఊళ్ళోకి తుపాకులతో బలగాలొచ్చి హైస్కూల్లో దిగాయి, బూట్లు టకటకలాడిస్తా వీధులు తిరిగాయి. అందరూ తలుపులేసుకున్నారు. నా కొడుకు మాత్రం గడపలో కూర్చుని చూశాడు.

"అమ్మా, వీళ్ళు ఏ పార్టీ?" అన్నాడు.

"ఏ పార్టీ కాదురా" అన్నా.

"అయితే నేను వీళ్ళలో చేరతా."

ఆ మాట మీదే పెరిగాడు. ఎండకి రెంటచింతల రోడ్డు తారు కరిగి చెప్పులకి అంటుకుంటంటే పరిగెత్తాడు. అట్టా పోయినోడు తిరిగొచ్చేసరికి ఆ జీపే వాడికోసం కాసుక్కూర్చుంది.

మర్నాడే కబురొచ్చింది. సఫారీ డ్రెస్సు కుట్టిస్తారంట, లైసెన్సు తుపాకి ఇస్తారంట, పెద్దాయన కొడుకు వెనకాల నిలబడాలంట.

"ఉత్తగా నిలబడ్డమే గదమ్మా" అన్నాడు వాడు. "ఇంకే పని దొరికింది? పోలీసు ఉజ్జోగాల్లో మాకు వాటా అన్నారు, అది ఎప్పుడొస్తదో."

"మీ నాన్న కూడా ఉత్తగానే నిలబడ్డాడురా" అన్నా. ఆ పూట వాడు అన్నం తిన్లా.

నేను ఆ కండువా మడతపెట్టుకుని పెద్దాయన ఇంటికి పోయా. అరుగు మీద కుర్చీలేసుకుని జనం బాగానే ఉన్నారు. జనం ఉన్నప్పుడే పోవాలనే పోయా.

"రా కోడలా, కూర్చో" అన్నాడు పెద్దాయన.

"కూర్చోను మామా. నీ కండువా నీకిచ్చిపోదామని వచ్చా."

"ఉంచుకోవే, బీరువాలో పెట్టుకో."

"మా బీరువాలో ఒకటుందిలే మామా. మీ జీపు కాసి పోయినోడి మీద కప్పింది."

పెద్దాయన తల దించుకోలా, నేనూ దించుకోలా. ఆయన బామ్మర్ది లేచాడు. "ఏందక్కా నీ పొగరు? సర్కారే అక్కర్లేదని పొమ్మన్నోణ్ణి పిలిచి అన్నం పెడతామంటే!"

"సర్కారుకి అక్కర్లేకపోతే కన్నదానికీ అక్కర్లేదంట్రా? నువ్వు పదో తరగతి ఎన్నిసార్లు తప్పావు, మీ అమ్మ నిన్నేమన్నా పెంటమీద పారేసిందా?"

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయనకి కోపమొచ్చింది. "తుపాకి పట్టినోడు ఇంక గేదెలు కాస్తాడా ఏందే?"

"కాస్తే కాస్తాడు. వాడికి తుపాకి ఇచ్చింది సరిహద్దు కాడ నిలబడ్డానికి మామా. మీ ఇంటి ప్రహరీ సరిహద్దు కాదు" అని కండువా కుర్చీ మీద పెట్టొచ్చా. ఆగకుండా ఇంటిదాకా నడిచా.

ఫోన్లో కబురు నాకంటే ముందే పోయింది, ఇంటికొచ్చేసరికి అవతలి పార్టీ మనిషి మా వాకిట్లో కూర్చున్నాడు. పళ్ళ సంచీ తెచ్చాడు. సంచీ లోంచి వాళ్ళ రంగు కండువా తొంగిచూస్తంది. ఒకళ్ళది తిప్పికొడితే రెండోవాళ్ళకి వచ్చేసినట్టే అనుకుంటారు మావోళ్ళు.

"బలే బుద్ధి చెప్పావమ్మా" అని నాతో అని, కండువా తీసుకుని నా కొడుకు వైపు లేచాడు. నా నోట్లోంచి మాట వచ్చేలోగానే వాడు వెనక్కి ఒక అడుగేశాడు. మెడ నిటారుగా పెట్టాడు.

"బాబాయ్, పళ్ళు పెట్టిపో, తింటాం. గుడ్డ మాత్రం తీసుకుపో."

ఆయన పళ్ళు కూడా పెట్టకుండా పోయాడు. ఆ పూట నా కొడుకు కడుపునిండా తిన్నాడు.

ఇప్పుడు మాచర్లలో ఒక సాయిబు గారి మెకానిక్ షెడ్డులో పని చేస్తన్నాడు. మిలిటరీలో లారీలు బాగుచెయ్యడం కూడా నేర్పారంట. రెండు కండువాలోళ్ళూ వచ్చారు గదా, నీకింకేం పని వచ్చురా అని ఒక్కడూ అడగలా. రెండు పార్టీలోళ్ళూ మమ్మల్ని పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. మా మిరప కోతకి కూలీల్ని రానియ్యలేదు. నేనూ నా కొడుకే కోసుకున్నాం, చేతులు మండిపోయాయి. మండితే మండాయి.

మళ్ళీ ఓట్లొస్తన్నాయి. మా ఊళ్ళో ఎవరి ఆటో ఎక్కితే వాళ్ళకే ఓటేసినట్టు లెక్క.

మొన్న పక్కింటి వదిన గోడ మీంచి అడిగింది. "ఏమే, ఈసారి మీరు ఎవరి ఆటో ఎక్కుతారే?"

"ఎవరిదీ ఎక్కం వదినా. నడిచే పోతాం, నట్టనడి వీధిలో."

"ఈ ఎండలోనా?"

"నీకూ రావాలనుంటే చెప్పు, మీ గడప ముందు ఆగుతాం."