మక్కచేన్లో విమానం దించిన సౌందర్య

మా తమ్ముడు బుచ్చయ్య బిడ్డ సౌందర్య మొదటిసారి చెయ్యి చేసుకున్నది మూడో తరగతిలో. పలక విరిగింది, ఎదుటి పిల్లవాడి పన్నూ విరిగింది. ఆ తర్వాత ఎవరెవరిని కొట్టిందో చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. కొట్టడం ఆ ఇంటి అలవాటు. బుచ్చయ్యకు కోపమొస్తే ముందు చెయ్యి లేస్తుంది, ఆ వెనక నోరు లేస్తుంది. మా మరదలు చంద్రమ్మ దెబ్బలు తింటూనే చేతికందింది తిరిగి విసిరే మనిషి. అటువంటి కొంపలో పుట్టిన పిల్ల మెత్తగా ఎట్లా పెరుగుతుంది?

కొత్తగూడ అడవి పక్క మా ఊరు. ఇక్కడి నుంచి డిగ్రీ చదవడానికి వరంగల్ పోయింది. ఆ కాలేజీలో ఎన్‌సీసీ ఉంది. అందులో నేల మీద కవాతు చేసేవాళ్లు వేరు, ఎయిర్ వింగ్ వాళ్లు వేరు. ఎయిర్ వింగ్ పిల్లలను క్యాంపుకు తీసుకుపోయి, చిన్న విమానంలో సార్ పక్కన కూర్చోబెట్టి నడపడం నేర్పిస్తారు. బాగా నేర్చి పేరు తెచ్చుకుంటే ఎయిర్‌ఫోర్స్‌లో ఆఫీసరు కొలువుకు తోవ దగ్గరవుతుందట. సౌందర్యకు ఆ విమానం కావాలి. ఇంకేదీ వద్దు. పెళ్లి మాటెత్తితే చెంబు విసిరేది.

ఎంపికల రోజు అన్నాల దగ్గర ఒక పిలగాడు నవ్వాడు.

"అడివోళ్లకు ఇమానమెందుకే? చెట్టెక్కుడు చాలదా?"

అన్నం కంచం తిప్పి మూతి మీద కొట్టింది. వాడికి కుట్లు పడ్డాయి. నేర్పించే జీవన్ సార్ వాయుసేనలో పనిచేసి వచ్చిన మనిషి. పిలిపించాడు.

"విమానంలో కూడా ఇట్లాగే చేతులు లేపుతావా?"

"ఇమానం నన్ను తిట్టదు గద సార్."

వాంతి చేసుకునేదాకా మైదానం చుట్టూ ఉరికించి, ఆ తర్వాత తీసుకున్నాడట. అది ఆయన మంచితనమో, పిచ్చితనమో నాకు తెలియదు.

సంగతి తెలిసిన రోజు బుచ్చయ్య చెర్నకోల తీశాడు. "మొగోళ్లతోని మబ్బుల తిరుగుతవా? నా ఇజ్జత్ తీస్తవా?" అని వీపు చీరేశాడు. పిల్ల ఏడవలేదు. "కొట్టుడైందా? పొద్దుగాల బస్సుకు పోవాలె" అన్నది. ఆ వాతలతోనే బస్సెక్కింది.

ఇక ఆ రోజు సంగతి చెప్తాను.

మా పోడు భూమికి పట్టా రాలేదు. ఆ ముందటేడు అడవి ఆఫీసర్ల డ్రోన్ ఒకటి వచ్చి, ఫోటోలు తీస్తూ చెలకల మీద తిరిగింది. అది పోయిన కొద్ది రోజులకే జేసీబీ వచ్చి కందకం తవ్వింది. అడ్డం పడుకున్న చంద్రమ్మ ముందు పళ్లు ఆ తోపులాటలో రాలిపోయాయి, ఎవరి కర్ర తగిలిందో ఏమో. అప్పటి నుంచి పైన ఏది గుయ్యిమన్నా ఊరంతా కట్టె పట్టుకునేది.

ఎండలు ముదిరాయి. వానలకు ముందు పోడులో నరికిన కంపకు నిప్పు పెట్టాం. మంట అడవిలోకి పాకకుండా పచ్చి మండలతో బాదుతున్నాం. మంటకు లేచే మిడతల కోసం గద్దలు గుంపులుగా తిరుగుతున్నాయి. అంతలో పొగలోంచి చిన్న విమానం, చెట్ల మీది నుంచే వచ్చినట్టు వచ్చింది.

"అగో, ఫోటోలు దీయనీకి ఒచ్చిన్రు!" అని అరిచాడు పక్క తండా హీరాలాల్. మండలు కిందపడ్డాయి, కర్రలు లేచాయి.

ఆ విమానంలో ఉన్నది మా పిల్లేనని మాకేం తెలుసు? దూరం పోయి తిరిగివచ్చే పాఠమట ఆ రోజు. పాకాల చెరువు దాటగానే సార్‌ను బతిమిలాడింది. "సార్, అగో మా ఊరు. జర కిందికి పోదాం సార్, ఒక్కపారి." ఆయన మనసు కరిగింది. పోడు కాలుతుంటే గద్దలు ఎగబడతాయని మా ఊరి కోడిపిల్లకు కూడా తెలుసు. ఊరు చూసిన సంబరంలో మా పిల్లకే తెలియకుండా పోయింది.

గద్ద వచ్చి ముందరి అద్దానికి గుద్దుకుంది. అద్దం పగిలి సార్ మొహంలో దిగింది. ఇంకో గద్ద ముందరి ఫ్యానులో పడింది. ఇంజన్ ఆగింది.

"సౌందర్యా, నాకు కనబడటం లేదు. నువ్వే దించు. ముక్కు వంచి ఉంచు, వేగం పోనివ్వకు."

కంకులు విరిచి చొప్ప కోసిన మా మక్కచేను ఆమెకు కనబడింది. ఆ చేన్లో మొద్దులు ఏ గట్టున ఉన్నాయో ఆమెకు తెలుసు. నేను కళ్లారా చూశాను. కొంగ వాలినట్టు దిగింది ఆ విమానం. సాళ్ల మీద గునగున ఉరికి, మొద్దులకు ఇవతలే ఆగింది. దించడంలో ఒక్క గీటు పడలేదు.

తర్వాత పడ్డాయి.

ఆకుపచ్చ బట్టలు, చెవులకు డబ్బాలు, మొహాల నిండా నెత్తురు, గద్ద ఈకలు. మనిషి ఎవరో పోల్చుకునేటట్టు లేదు. అడవి ఆఫీసర్లే అనుకున్నారు అందరూ. సార్‌ను కాలరు పట్టి బయటికి గుంజారు. కడుపులో తన్నారు, పక్కటెముకల మీద తన్నారు. చంద్రమ్మ ఆయన జుట్టు పట్టుకుని "నా పండ్లు రాలగొట్టిన్రు గదరా!" అని రాయి ఎత్తింది. బుచ్చయ్య సార్ తల మీదికి కర్ర లేపాడు. అడ్డం వచ్చిన చేతి మీద పడింది ఆ దెబ్బ. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది.

"నాయినా! నేను! కండ్లు పోయినయా నీకు?"

బుచ్చయ్య కొయ్యబారిపోయాడు. ఇక ఆగుతుందనుకున్నాను. హీరాలాల్ ఆగనిచ్చాడా?

"సూసిన్రా! మన పొల్లనే తోవ జూపి తోల్కొచ్చింది! మన బుక్క మట్టిపాలు జేసింది!"

అంతకు ముందు కోపమే, ఇప్పుడు కసి. వాడు గొడ్డలితో రెక్క మీద వేశాడు. "ఇమానానికి అగ్గి వెట్టున్రి!" అన్నారు కొందరు. సిగ్గూ కోపమూ కలిసి బుచ్చయ్యకు ఒళ్లు తెలియలేదు. "నా కడుపున చెడబుట్టినవే!" అని మళ్లీ సార్ మీదికే కర్ర ఎత్తాడు.

సౌందర్య కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడమ చేత్తో కిందపడ్డ గొడ్డలి కామ ఒకటి అందుకుని తండ్రి మోకాలి మీద బలమంతా పెట్టి కొట్టింది. వాడు గావుకేక పెట్టి కూలిపోయాడు. లేవబోతే మళ్లీ కొట్టింది. ఛాతీ మీద బూటుకాలు పెట్టి నిలబడింది.

"ఈయన నాకు సదువు జెప్పే సారు. ఈయన్ని ముట్టాలంటే ముందుగాల నన్ను సంపాలె. కన్నోన్నే పండబెట్టిన, మీరెంత నాకు? రాన్రి!"

ఎవరు పోతారు? మాలో మొగోళ్లున్నారు, మొనగాళ్లున్నారు. అడుగు వేసినవాడు ఒక్కడూ లేడు. చంద్రమ్మ చేతిలో రాయి జారింది.

సార్‌కు నా కొంగు చింపి కట్టాను. పిల్ల క్యాంపుకు ఫోను చేసింది. చేసి, అందరినీ చూసింది. పోలీసులొస్తే తండ్రితో పాటు సగం ఊరు జైలుకే.

"హీరాలాలన్నా, గా ఇప్పమొద్దు తవ్వి దొర్లియ్యి. నీ గొడ్డలి వడ్డ కాడ రెక్క కింద వెట్టు."

"ఏందే?"

"పెట్టుమంటుంటే! నెత్తి పగులగొట్టాల్నా?"

పెట్టారు.

మానుకోట దవాఖానకు ఆఫీసర్లు వచ్చి అడిగితే ఆమె మంచం మీద లేచి కూర్చుని చెప్పింది. "నాకు దించుడు రాలేదు సార్. మొద్దుకు గుద్దిన. చెయ్యి గప్పుడే ఇరిగింది." పక్క గదిలో జీవన్ సార్‌ను అడిగారు. పక్కటెముకలకు కట్టు, కళ్లకు కట్టు. "నెత్తుటితో నా కళ్లు మూసుకుపోయాయి, నేనేమీ చూడలేదు" అన్నాడు. బుచ్చయ్య కాలు ఎట్లా విరిగిందంటే, ఉరికొచ్చి కందకంలో పడ్డాడన్నాం.

విమానం నడపడం సౌందర్యకు బంద్ చేశారు. కవాతుకు రావచ్చట, సీట్లో కూర్చోవద్దట. ఆ మాట వచ్చిన నాడు ఇల్లంతా పీనుగ లేచినట్టుంది. పిల్ల ఎడమ చేత్తో గట్క తింటోంది. బుచ్చయ్య కట్టుకాలు చాపుకుని పిల్ల చేతి కట్టునే చూశాడు. చూసి చూసి కర్ర ఊతంగా లేచాడు.

"యాడికి?" అన్నది పిల్ల.

"ఆఫీసర్ల కాడికి. నా బిడ్డ మంచిగనే దించింది, చెయ్యి ఇరగ్గొట్టింది నేనని చెప్త. జైల్ల ఏస్తే ఏసుకోనీ."

"గడప దాటినవంటే రెండో కాలు గూడ ఉండది."

"మరి నీ ఇమానం, బిడ్డా?"

ఆమె బుక్క మింగింది.

"దించిన్నో, పడేసిన్నో నాకు తెల్వదా? కూసో."

వాడు కూర్చున్నాడు. బతుకులో మొదటిసారి ఒకరు చెప్పిన మాట విన్నాడు మా తమ్ముడు.