రోజుకో తప్పు

లెక్కల మాస్టారు రోజుకో తప్పు చేసేవారు. రెండు చేసిన రోజు లేదు, అసలు చేయని రోజూ లేదు. "మరి ఇంట్లోనో?" అని ఎవరైనా అడిగితే ఆయన భార్య మూతి విరిచేది. "ఇంట్లో తప్పులన్నీ నావేనట. ఆయనవి బడికే అంకితం."

ముప్ఫై మూడేళ్ళుగా ఆ మిషన్ హైస్కూల్లో ఇదే వరస. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన చేయించేదీ ఆయనే. "ప్రభువా, మా తప్పులు మన్నించు" అని ఆయన కళ్ళు మూసుకోగానే వెనక వరసలో ఎవడో, "ఇవాల్టిది ఇంకా చేయందే మన్నింపా?" అని గొణిగేవాడు. మాస్టారికి వినపడేది. ఆ రోజు ఆమెన్ కాస్త నవ్వుతూ అనేవారు.

ఎవరు మందలించినా ఒకటే జవాబు. "తప్పు చేయనివాడు పైన ఒక్కడున్నాడు. ఆయనతో నాకు పోటీ ఎందుకు?"

ఆ సోమవారం మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌కు నవ్వు రాలేదు. బడి కమిటీకి కొత్తగా వచ్చిన సెక్రటరీగారి చెవిన ఎవరో ఈ సంగతి వేశారు. పదో తరగతి పాఠం తానే కూర్చుని చూస్తానన్నారాయన. ఒక్క తప్పు దొర్లినా సరే, మాస్టారు లైబ్రరీలో పుస్తకాల దుమ్ము దులుపుకోవాల్సిందే. హెడ్‌మిస్ట్రెస్ ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. వరండాలో దారి కాచి పట్టుకుంది.

"మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క పూటా తప్పు చేయకండి."

"అంతా దేవుడి చిత్తం తల్లీ."

"దేవుడి మీదకి తోసేయకండి. చాక్‌పీసు మీ చేతిలోనే ఉంటుంది."

"అదీ నిజమే" అంటూ ఆయన జేబు తడుముకుని క్లాసులోకి నడిచారు.

సెక్రటరీగారు వెనక బెంచీలో కూర్చుని పెన్ను మూత తీశారు. ఆ పక్కనే హెడ్‌మిస్ట్రెస్. బోర్డు మీద చాక్‌పీసు కిర్రుమన్నప్పుడల్లా ఆమె గుండె జారి మళ్ళీ చోటుకొచ్చేది. మొదటి మెట్టు ఒప్పు. రెండోది ఒప్పు. మూడోదీ ఒప్పే. బెల్లుకింకా పది నిమిషాలు. గండం గడిచినట్టేనని ఆమె ఊపిరి వదిలింది.

అప్పుడు రాశారు మాస్టారు, మైనస్ మూడు ఇంటూ మైనస్ నాలుగు, మైనస్ పన్నెండు అని.

ముందు బెంచీలో చేతులన్నీ లేచాయి. "మాస్టారూ, నేను! నేను!"

మాస్టారు తాపీగా కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. "ఎవరూ చెయ్యెత్తలేదా?"

"ఇక్కడున్నాం మాస్టారూ!"

"ఏమోనర్రా, జోడు లేకపోతే నాకు దగ్గరవి ఆనవు."

సెక్రటరీగారి పెన్ను కదిలింది. మూడో బెంచీలో కిటికీ పక్కన, ఈ ఏడే చేరిన పిల్ల ఒకతె ఉంది. హాజరు పిలిచినా వేలెత్తడమే తప్ప నోరు విప్పి ఎరగదు. దాని పెదవులు కదిలాయి. మళ్ళీ మూతపడ్డాయి.

"అయితే ఇది ఒప్పేనన్నమాట. తుడిచేస్తున్నా" అని మాస్టారు డస్టరు ఎత్తారు.

"ప్లస్!"

క్లాసంతా అటు తిరిగింది. ఆ పిల్ల బెంచీ అంచు పట్టుకుని నిలబడి ఉంది. "ప్లస్ పన్నెండు మాస్టారూ. రెండు మైనస్‌లు గుణిస్తే ప్లస్ కదా!"

"అమ్మయ్య, కొంప మునగకుండా కాపాడావు! వచ్చి దిద్దు తల్లీ."

దిద్దింది. అంతటితో ఆగక మిగతా లెక్కా తానే చేసేసింది. బెల్లు కొట్టారు.

పిల్లలు, మాస్టారు బయటికి వెళ్ళగానే సెక్రటరీగారు లేచారు. "చూశారుగా! ఏడో తరగతి పిల్లకు తెలిసిన సంగతి! అసలీయన పాఠం రాసుకుని వస్తారా, నోటికొచ్చింది చెప్తారా?" అంటూ బల్లమీది నోట్సు తెరిచారు.

ఆ రోజు పాఠం మొత్తం ఒప్పుగానే ఉంది. ప్లస్ పన్నెండు కూడా. కింద ఎర్రసిరాతో ఇలా ఉంది: "నాలుగో మెట్టు బోర్డు మీద తప్పు రాయాలి. ఇరవై ఏడో నంబరు లేచేదాకా కళ్ళజోడు పెట్టుకోకూడదు."

ముందు పేజీలో: "ఇరవై ఏడు లేవబోయి కూర్చుంది. సోమవారానికి ఇంకా తేలికైన తప్పు చూడాలి."

"ఎవరీ ఇరవై ఏడు?"

"ఇందాక దిద్దిన పిల్లేనండీ" అంది హెడ్‌మిస్ట్రెస్. "దాని గొంతు వినడం నాకూ ఇదే మొదలు."

తన గొంతు ఆ బడి మొదట ఎప్పుడు విన్నదో కూడా ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. ఏడు తొమ్ములు అరవై నాలుగు అని రాశారు ఆ రోజు మాస్టారు. వణుకుతూ లేచి దిద్దింది. మాస్టారి తప్పు పట్టుకున్నానని ఇంట్లో వారం రోజులు గొప్పలు పోయింది.

సెక్రటరీగారు ఇంకో నాలుగు పేజీలు తిప్పారు. పెన్నుకు మూత పెట్టేశారు.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ మాస్టారి చేతికి ఓ కాగితం అందించింది. పదో తరగతి లెక్కలు ఎప్పటిలాగే ముప్ఫై ఐదేళ్ళ అనుభవం గల వీరికేనని ఉంది అందులో. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

"తల్లీ, ఇందులో తప్పు దొర్లింది. నావి ముప్ఫై మూడేళ్ళే."

"అవునా మాస్టారూ?" హెడ్‌మిస్ట్రెస్ తన కళ్ళజోడు తీసి తాపీగా తుడుచుకోసాగింది. "జోడు లేకపోతే నాకు దగ్గరవి ఆనవు. కాస్త మీరే దిద్దండి."