కోపం మడతపెట్టే గది

మా ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరు. ఆవిడ కింద ఎనిమిది మంది పనిచేస్తారు. పనిచేస్తారు అనడం మర్యాద కోసం. ఒకామె పొద్దస్తమానం ఫోనులో కూతురి కాపురం చక్కదిద్దుతూ ఉంటుంది. ఒకడికి యంత్రాల మోత పడదట, అందుకని వరండాలోనే ఉంటాడు. అందరిలోకీ ఘనుడు 'వస్తున్నా'. ఎప్పుడు పిలిచినా "వస్తున్నా అక్కా" అంటాడు, రాడు. జీతాల రోజు తప్ప అతని అసలు పేరు ఎవరికీ గుర్తుండదు.

నేనైతే చెడామడా తిట్టేసేవాణ్ని. బట్టలు కుట్టుకు బతికేవాణ్ని, సూది గుచ్చుకుంటే సూదిని కూడా తిడతాను. ఆవిడ మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనదు. "తిడితే పని జరగదండీ, మొహాలు మాడతాయి, అంతే" అంటుంది. కోపం తలకెక్కగానే మాట్లాడకుండా మడతల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుని, ఆరిన దుప్పట్లు వరసపెట్టి మడతపెడుతుంది. కోపం దిగాక మామూలు మొహంతో బయటికి వస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు పెద్ద డాక్టరు ఆవిడను చూపించి, ఓర్పంటే అలా ఉండాలి అంటాడట. ఆ మాట నాతో చెప్పిన రోజు ఆవిడ మొహం చూడాలి. జీతం పెరిగినప్పుడు కూడా అంత వెలగలేదు.

ఈమధ్య ఆవిడకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవక, పొద్దున్నే జడ నేనే అల్లుతున్నాను. చేతులు చాపి చేసే బరువు పని మానకపోతే ఆపరేషనే అని ఎముకల డాక్టరు తేల్చి చెప్పాడు.

"మడతపెట్టడం నీ పని కాదుగా, మానెయ్" అన్నాను.

"మరి కోపం వస్తే?" అంది.

ఇలా ఉండగా 'వస్తున్నా' ఒక ప్యాంటు పొట్టి చేయించుకుందామని నా దగ్గరికి వచ్చాడు. కొలత తీస్తుంటే నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"బావగారూ, ఒక తమాషా చెప్పనా? అక్కతో అనకూడదు మరి. దుప్పట్లు గుట్టపడ్డాయనుకోండి, మాలో ఒకళ్లం వెళ్లి అక్కని కాస్త కదిపి వస్తాం. లేటుగా రావడమో, ఎదురు చెప్పడమో. అంతే! అక్క గదిలోకి వెళ్తుంది, గంటలో గుట్ట మాయం. ఈ వారం వంతు నాది."

పగలబడి నవ్వాడు. చెడ్డవాడేం కాదు. దుప్పట్లు మడతపెట్టడం అక్కకి సరదా అనుకుంటున్నారట అందరూ. నా నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి బతికిపోయాడు.

చెప్పనా, మాననా? చెబితే ఆవిడ ఇన్నేళ్లుగా చూసుకుని మురిసిపోయిన ఓర్పు కాస్తా నవ్వులపాలవుతుంది. చెప్పకపోతే భుజం పోతుంది, దాంతో ఉద్యోగమూ పోతుంది. నా కుట్టుమిషను ఒక్కదానితో ఇల్లు గడవదు. మర్నాడు జడ అల్లుతూ చెప్పేశాను, ఎదురుగా మొహం చూడక్కర్లేదని. జడ పూర్తయ్యాక అడిగింది.

"వంతులు కూడా వేసుకున్నారా?"

ఆ రోజు జరిగింది సాయంత్రం ఆవిడే చెప్పింది. గుట్ట పెరగగానే 'వస్తున్నా' కావాలని ఆలస్యంగా వచ్చాడట. ఆవిడ గదిలోకి వెళ్లలేదు. అందరినీ పిలిచి, ఎప్పటి గొంతుతోనే, "నా భుజం పాడైంది. ఇక దుప్పట్లు మీరే మడతపెట్టండి. వంతులు వేసుకోవడం మీకు అలవాటేగా" అందట. అందరూ నేల చూపులు చూశారు. 'వస్తున్నా' పిలవకుండానే వచ్చి మొదటి దుప్పటి అందుకున్నాడట.

"శభాష్" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

చేతిసంచీ నేలకేసి కొట్టింది. "ఏంటండీ శభాష్? గానుగెద్దును చేశారు నన్ను!" అని అందుకుంది. ఒక్కొక్కరినీ పేరుపేరునా ఉతికి ఆరేసింది. పెద్ద డాక్టరునూ వదల్లేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. నాకు భయం వేసింది, జాలీ వేసింది. మిషను ఆపేసి కూర్చున్నాను. పక్కింటివాళ్లు వింటారని కిటికీ మూయబోతే "ఉండనీండి" అంది.

చివరికి గొంతు బొంగురుపోయింది. మంచినీళ్లు తాగి, గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. నిద్రపట్టిందనుకుని మెల్లగా మిషను మీద కాలు పెట్టాను.

"రేపు కూడా ఈ వేళకి కాసేపు ఆపుతారా?" అంది, కళ్లు తెరవకుండానే.