సురులేరే చీటీ

నా పూజ పెట్టెలో కుంకుమ భరిణె కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క ఒకటి ఉంది. దాని మీద నా చేతిరాతతోనే ‘సురులేరే’ అని ఉంటుంది. అది లాగోస్‌లో ఒక పేట పేరు. ఆ పేటలో నేను ఒక్క పూట కూడా ఉండలేదు. అక్కడ ఉండకుండా తప్పించుకోవడానికి నేనేం చేశానో మా అమ్మాయికి తెలుసు, ఇంకొకావిడకు తెలుసు. మావారికి మాత్రం ఇది చదివితేనే తెలుస్తుంది.

అప్పుడు మేం డార్విన్‌లో ఉండేవాళ్ళం. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ తప్పులు దిద్దడమే మావారి పని. ఊళ్ళో తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాన్నగారు వీధి అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన తెలుగూ, లెక్కలూ, స్తోత్రాలూ నా చదువు. ఇంగ్లీషు అంటే నోరు పెగిలేది కాదు.

ఆ నోరు విప్పించింది మా పక్క ఫ్లాటు ఆవిడ. నైజీరియా నుంచి వచ్చిన నర్సు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. మేం దిగిన మొదటి వర్షాకాలంలో మా పాపకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మావారు ఆఫీసులో ఉన్నారు. ఎవరికి ఫోన్ చేయాలో, చేస్తే ఏమని చెప్పాలో తెలియక గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నాను. ఆవిడ అప్పుడే డ్యూటీ దిగి మెట్లెక్కి వస్తోంది. నన్నొక్క మాట అడగలేదు. పిల్లను తడి తువ్వాల్లో చుట్టి, కారులో వేసుకుని, తను బయటికొచ్చిన ఆసుపత్రికే మళ్ళీ తీసుకెళ్ళింది. సాయంత్రం దాకా మాతోనే కూర్చుంది. దేవుడు మనిషి రూపంలో వస్తాడని మా నాన్నగారు చెప్పేవారు. ఆ రోజు నేను నమ్మాను.

తర్వాత సూపర్‌మార్కెట్ కరపత్రాలు ముందేసుకుని నాకు ఇంగ్లీషు చదవడం నేర్పింది. నేను ఆవిడను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను సిస్టర్ అనేది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు మా వంటింటి కిటికీ దగ్గర ఆగి, “సిస్టర్, నీ దేవుణ్ణి కూడా అడుగు,” అని చెప్పి వెళ్ళేది. నేను ఆవిడ పేరు తలుచుకుని దీపం పెట్టేదాన్ని. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి నా దీపాన్ని అడుగుతోందంటే నాకెంత గర్వంగా ఉండేదో.

సెప్టెంబరులో, డార్విన్ ఎండాకాలం చివర్లో, మావారి కంపెనీ ఆయన్ను ఆరు వారాలు లాగోస్ పంపిస్తామంది, అక్కడి ఒక బ్యాంకు పని మీద. ఈయనకు ఇంటి తిండి తప్ప పడదు కాబట్టి నేనూ పాపా కూడా వెళ్ళాలనుకున్నాం. ఏ పేటలో ఉంటారో మీరే చెప్పండి, ఏర్పాటు చేస్తాం అన్నారు. మేం వెళ్తున్నది తన ఊరికే అని తెలిసి అక్క నన్ను కావలించుకుని గిరగిరా తిప్పేసింది. ఆ సాయంత్రమే కాగితం మీద ఊరి పటం గీసింది. ఇదిగో ఇకేజా, విమానాశ్రయం దగ్గర, దిగగానే ఇల్లు చేరతారు గానీ బ్యాంకు దూరం. ఇదిగో విక్టోరియా ఐలాండ్, బ్యాంకులూ పెద్ద హోటళ్ళూ అక్కడే, కానీ గోడల మధ్య ఉంటారు, గేటు కాపలావాడి మొహం తప్ప ఇంకో మొహం కనబడదు. మధ్యలో నీళ్ళ మీద మైళ్ళ పొడవున వంతెన. వంతెనకు ఇవతల సురులేరే. అక్కడ సున్నా చుట్టి లోపల చిన్న ఇల్లు గీసింది. అది వాళ్ళమ్మ ఇల్లు.

మేడ మీద గది ఖాళీగా ఉందట. ఇంట్లో బోరుంది, కరెంటు పోతే జనరేటరుంది, సందు చివర కూరగాయల బజారుంది. “నీచు తగలని గిన్నెలు కావాలి కదా నీకు, అమ్మ కొత్తవి కొంటుంది. నీకు వేరే పొయ్యి పెడుతుంది,” అంది. నేను చెప్పకుండానే నా మడీ ఆచారమూ అన్నీ గుర్తుపెట్టుకుంది. మావారిని అడిగితే, “ఎక్కడైనా ఆఫీసు కారొస్తుంది. సాయంత్రం ఇంటికొస్తే చారన్నం ఉంటే చాలు నాకు,” అన్నారు. అంటే ఆయన్ను అడ్డం పెట్టుకునే వీలు కూడా నాకు లేదు.

నేనేమో సిడ్నీలో ఉండే మనవాళ్ళావిడ ఒకరికి ఫోన్ చేశాను. అందరం ఆంటీ అనేవాళ్ళం. ఆవిడ లాగోస్ ఎప్పుడూ చూసింది కాదు. అయినా, వంతెనకు ఇవతల కాలు పెట్టకండి, వాళ్ళిళ్ళలో ఎలా ఉంటారమ్మా మీరు అని ఒక అరగంట చెప్పింది. నాకు కావలసింది ఆ మాటే కాబట్టి నమ్మాను. ఎండు చేపల వాసన భరించలేనని, పాపకు నీళ్ళు పడవని, నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నల్లవాళ్ళ ఇంట్లో ఆరు వారాలు ఉండి వచ్చారట అని మనవాళ్ళు అనుకుంటారన్నది నా భయం. నా బిడ్డను ఎత్తుకుని పరిగెత్తిన చేతులు ఏ రంగువో అప్పుడు గుర్తురాలేదు.

అక్క మొహం మీద రామని చెప్పలేను. ఎవరికైనా కాదని చెప్పడం మా ఇంట్లో నేర్పలేదు. ఎటూ తేలనప్పుడు దేవుడి దగ్గర చీట్లు వేయడం మాత్రం నేర్పారు. మా నాన్నగారు పొలం అమ్మాలన్నా, ప్రయాణం కట్టాలన్నా చీట్లే వేసేవారు. పసిపిల్ల చేత తీయించేవారు. ఆయనకొక నియమం ఉండేది, ఒకసారి అడిగాక మళ్ళీ అడక్కూడదు.

ఆ మాట మావారితో అంటే నవ్వారు. “మీ దేవుడికి లాగోస్ బస్సు రూట్లు తెలుసంటావా?” అని ఆఫీసుకు వెళ్ళిపోయారు.

మూడు పేర్లూ తెలుగులో రాసి, మడతలు పెట్టి, పళ్ళెంలో వేశాను. పాపకప్పుడు ఆరేళ్ళు. కళ్ళు మూసుకుని తీసింది. సురులేరే. పిల్లకు తలంటలేదు కదా, ఇది చెల్లదులే అనుకున్నాను. తలంటి, ఇంకో ఒత్తి వేసి, మళ్ళీ తీయించాను. మళ్ళీ సురులేరే.

“అమ్మా, ఐ ఆల్రెడీ పిక్డ్,” అంది పాప.

ఆ చీటీ తీసి కుంకుమ భరిణె కింద పెట్టి, రెండే చీట్లున్న పళ్ళెం పిల్ల ముందుకు జరిపాను. విక్టోరియా ఐలాండ్ వచ్చింది. హారతిచ్చాను. ఆ హారతి కళ్ళకద్దుకున్నాను కూడా. పాప పళ్ళెం వైపు, భరిణె వైపు చూసి బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అక్క కిటికీ దగ్గర ఆగినప్పుడు చెప్పాను, దేవుడి ముందు పెట్టాం, ఆయన ఐలాండ్‌లో ఉండమన్నాడు అని. ఆవిడ మొహం ఒక్క క్షణం వాడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఆయన చెబితే ఇంక మనమెవరం సిస్టర్? అమ్మకు నేను చెబుతాలే,” అంది. వాళ్ళమ్మ అప్పటికే గదికి సున్నం వేయించిందని ఆ మాటల్లోనే తెలిసింది. నా చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

విక్టోరియా ఐలాండ్‌లో మా ఫ్లాటు అక్క చెప్పినట్టే ఉంది. ఎత్తు గోడలు, పెద్ద గేటు. మావారు పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవారు. పాపా నేనూ కిటికీలోంచి జనరేటరు షెడ్డు చూస్తూ కూర్చునేవాళ్ళం. వంట చేసుకోవడానికి అక్కడున్న గిన్నెలు ఎవరెవరు ఏం వండినవో. చింతపండేసి తోమి, పసుపునీళ్ళు చల్లి, వాటితోనే సరిపెట్టుకున్నాను. నీచు తగలకూడదనే కదా నా బాధంతా.

మూడో ఆదివారం మధ్యాహ్నం గేటు దగ్గరి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ముసలావిడ మీరు తెలుసంటోంది, పంపమంటారా అని కాపలావాడు అడిగాడు. నేను కిందికి వెళ్ళాను. గేటు బయట, ఎండలో, చర్చి బట్టలతో, తలకు నీలం గుడ్డ చుట్టుకుని నిలబడి ఉంది. నవ్వు అచ్చం అక్కదే. మూడు పసుపు బస్సులు మారి, ఆ పొడుగు వంతెన దాటి వచ్చింది. చేతిలో పెద్ద సంచి.

పైకి వచ్చాక వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. “పొద్దుట్నుంచి చేప గానీ మాంసం గానీ ముట్టుకోలేదమ్మా. నీ వంటింట్లోకి రావచ్చా?” అని అడిగింది.

రండమ్మా అన్నానో లేదో నాకు గుర్తులేదు. లోపలికొచ్చి సంచిలోంచి ఒక్కొక్క గిన్నె తీసి, చుట్టిన వార్తాపత్రిక విప్పి, గట్టు మీద పెట్టింది. కొట్లో అంటించిన చీటీలు కూడా తీయలేదు, నాకు అనుమానం రాకుండా.

“మీకెందుకింత శ్రమ?” అన్నాను.

“ఆయన మిమ్మల్ని ఇక్కడ ఉండమన్నాడు. నన్ను రావద్దని అనలేదుగా,” అని నవ్వింది.

కొత్త గిన్నెలో ఉప్మా చేశాను. ఇష్టంగా తిన్నది. మేడ మీద గదికి లేతాకుపచ్చ సున్నం వేయించానని, కిటికీ పక్కన పాపకు చిన్న మంచం వేయించానని చెప్పింది. ఫరవాలేదు, చర్చికి ఎవరైనా వస్తే పనికొస్తుంది అంది. వెళ్ళేముందు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఈ అమ్మాయి తన ఇష్టం కాదని నీ మాట విన్నది, మా ఇంట్లో ఉండాలని ఉన్నా నువ్వు చెప్పిన చోటే ఉన్నది, అలాంటి మనసు నా మనవలకు కూడా ఇవ్వు తండ్రీ అని ప్రార్థించింది. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. ఆవిడ భుజం మీంచి పాప నన్నే చూస్తోంది. పిల్ల నోరు విప్పలేదు. విప్పితే బావుండునని ఉంది, విప్పకూడదనీ ఉంది. ఆ రెండు నిమిషాలూ నా జీవితంలోంచి తీసేయమని ఎన్నిసార్లు దేవుణ్ణి అడిగానో. తీసేయలేదు. మేలే చేశాడు.

డార్విన్ తిరిగొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ చెడిపోలేదు, ఇంత భయపడ్డాం ఏమీ కాలేదని మావారు నవ్వుకున్నారు. నేను మాత్రం అక్క కిటికీ దగ్గర ఆగిన ప్రతిసారీ చెప్పాలనుకుని, ఇంకో రోజు చూద్దాంలే అని ఊరుకునేదాన్ని. చివరికి ఒక ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. చీటీ చేతిలో పెట్టి, రెండుసార్లు మీ అమ్మగారిల్లే వచ్చింది, నేనే దాచేశాను అన్నాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను, మనవాళ్ళు ఏమనుకుంటారోనన్న మాటతో సహా.

ఆవిడకు తెలుగు అక్షరాలు రావు. అయినా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“రానని చెబితే నాకు ఒక రోజు కష్టంగా ఉండేది, అంతే,” అంది. “దేవుడి పేరెందుకు వాడుకున్నావు?”

మీ అమ్మగారికి ఉత్తరం రాసి క్షమించమని అడుగుతానన్నాను.

“వద్దు. ఆవిడ ఆ ప్రార్థన మనసారా చేసింది. దాన్ని పాడుచేయకు. ఇది నువ్వే మోసుకో,” అని చీటీ తిరిగిచ్చేసింది.

తర్వాత కూడా ఆవిడ నన్ను బజారుకు తీసుకెళ్ళేది, పాపకు జడ వేసేది. ఎదురుపడితే నవ్వేది. కిటికీ దగ్గర ఆగడం మాత్రం మానేసింది. డ్యూటీకి వెళ్ళే చప్పుడు వినగానే అడక్కపోయినా దీపం పెట్టేదాన్ని. ఎవరిని మెప్పించడానికో నాకే తెలియదు.

మళ్ళీ వానలు వచ్చేదాకా అలాగే గడిచింది. ఒక పొద్దున కిటికీ తట్టిన చప్పుడైంది. అక్క. నర్సు బట్టల్లోనే ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. అమ్మకు పక్షవాతం వచ్చిందట, ఆసుపత్రిలో ఉందట. టిక్కెట్టు దొరికితే బయల్దేరుతుందట.

“సిస్టర్,” అని ఆగింది. తర్వాత, “నీ దేవుణ్ణి కూడా అడుగు,” అంది.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయాక దీపం వెలిగించాను. చేతులు జోడించాను గానీ, ఏ మొహం పెట్టుకుని అడగను? భరిణె కింది చీటీ తీసి, మడత విప్పి, దేవుడి ఎదురుగా పెట్టాను. సురులేరే అని పైకి చదివాను. ముందు దానికి క్షమించమని అడిగి, అప్పుడు ఆ తల్లి కోసం అడిగాను.