ఎవరూ పిలవకనే ఎగిరిన చిలక

బిడ్డ మీద ఒట్టేసి చెప్పేదాన్నే. కానీ ఈ కథంతా ఆ బిడ్డదే. అందుకే నా రెండు కండ్ల మీద ఒట్టక్కా... ఒక్క మాట కల్పించడం లేదు.

మా హారతికి నాలుగేండ్లు. పుట్టుచెవుడు. ఆపరేషన్ చేసి చెవికి మిషన్ పెట్టినారు. ఇప్పుడు వినపడుతుంది... నోరు మాత్రం తెరవదు. "ఈ ఏడాదిలోనే గొంతు రావాలమ్మా, ఆలస్యమైతే కష్టం" అని మాటలు నేర్పే ప్రొద్దుటూరు మేడం అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నాకు కొంచెం ప్రోగ్రామింగ్ వచ్చు గదా. బొమ్మలకు, శబ్దాలకు వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడు లైబ్రరీ ఒకటి తీసుకోని చిలక ఆట రాసినా. మైకులో శబ్దం పడితే లైబ్రరీ నేను రాసిన ఫంక్షన్‌ను పిలుస్తుంది, చిలక రెక్కలు కొడుతుంది. కాల్‌బ్యాక్ అంటారు. హోటల్లో పేరు చెప్పి కూర్చుంటే దోసె అయినాక పిలుస్తారు చూడు, అట్లా. పేరే చెప్పకపోతే పిలుపు రాదు. నెల రోజులు ఆడించినా... ఆ చిలక నా గొంతుకే ఎగిరింది.

ఆ రాత్రి పులివెందులలో కుండపోత వాన. మా ఆయనకు తుమ్మలపల్లె గనిలో నైట్ షిఫ్ట్. కరెంటు పోయింది. బిడ్డ చెవి మిషన్ తీసి డబ్బాలో పెట్టి, పండుకోబెట్టి, లాప్‌టాప్ తెరిచినా. వాన చప్పుడుకు చిలక ఊరికే కొట్టుకుంటాంది. విసుగొచ్చి, లైబ్రరీకి నా ఫంక్షన్ పేరు చెప్పే ఆ లైనే తీసేసినా. మైకు వైరూ పీకినా. లాప్‌టాప్ లోపలి మైకు ఎప్పుడో చెడిపోయింది. మళ్లీ నడిపినా. చిలక కదల్లేదు.

హమ్మయ్య అనుకున్నా...

టప్.

రెక్క కదిలింది.

లైను చూసినా... లేదు. వైరు చూసినా... నా చేతిలోనే ఉంది. టప్... టప్... ఆగింది. మళ్లా టప్... టప్. వాన తెరిపి లేకుండా పడతాంది. ఇది మాత్రం ఆగి ఆగి. బిడ్డను ఎత్తుకోని బయటికి పరిగెత్తుదామని వెనక్కి తిరిగినా...

హారతి లేచి కూర్చోనుంది. మేడం నేర్పినట్లు గొంతు మీద చెయ్యి పెట్టుకోని... పెదాలు తెరిచి... దగ్గరికి పోయి చెవి ఆనించినా.

"అ... అ..."

టప్... టప్.

మిషన్ లేదక్కా దాని చెవికి! తన గొంతు తనకే వినపడదు, చేతికి తెలుస్తాంది అంతే. ఆ వాన హోరులో నాకూ వినపడలేదు. చిలక కదలకపోతే నేను తిరిగి చూసేదాన్నే కాదు. బిడ్డను పట్టుకోని ఒకటే ఏడుపు.

పొద్దున ఆయనొచ్చి లాప్‌టాప్ అంతా వెతికినాడు. "నువ్వు సేవ్ చేసుండవు మే, పాతదే నడిచింటాది."

"సరేప్పా. మరి మైకు?"

ఇద్దరం దాని ముందర నిలబడి గొంతు పోయేదాకా అరిచినాం. చిలక కదిలితే ఒట్టు.

ఇప్పుడు హారతి పొద్దున్నుంచి "అమ్మ... అమ్మ" అని నా ప్రాణం తీస్తాంది. తీయనీ. ఆ ఫంక్షన్‌ను పిలిచిందెవరో ఇప్పటికీ తెలీదు. లైను మళ్లీ రాయలేదు, ఫైలు అట్లనే ఉంచినా. వానొచ్చిన రాత్రి తెరిచి పెట్టుకోని కూర్చుంటా... భయపడతానే.