చెవి మేస్త్రి చెయ్యెత్తినప్పుడు

ఆ వీధిలో అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. సైకిళ్ళు బాగుచేసేవాళ్ళకి చేతులు ముఖ్యమని మనం అనుకుంటాం గానీ, ఈయన వ్యవహారమే వేరు. గేర్ల సైకిలు ఏది వచ్చినా ముందు స్టాండుకి తగిలిస్తాడు, కళ్ళు మూసుకుంటాడు, ఎడమచెయ్యి పైకెత్తుతాడు. ఆ చెయ్యి లేచిందంటే కొట్టులో ఎవరూ కిక్కురుమనకూడదు. కుడిచేత్తో పెడల్ తిప్పుతూ కాసేపు విని, "చైను సాగింది", "వెనక పళ్ళు అరిగాయి" అని కళ్ళు తెరవకుండానే తీర్పు చెప్పేస్తాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి ఆపుకోలేక తుమ్మితే, మళ్ళీ మొదట్నుంచీ విన్నాడు. ఆ పెద్దమనిషి క్షమించమని కూడా అడిగాడు.

ఇంటి ముందుగదే కొట్టు, దాని వెనక వంటిల్లు. పెళ్ళయిన కొత్తలో, ఆయన చెయ్యెత్తి ఉండగా భార్య "కాఫీ తాగుతారా?" అని అడిగింది. పాపం, తెలియక అడిగింది. ఆ పూటంతా ఆయన ముటముటలాడుతూ తిరిగాడు. అప్పట్నుంచి ఆవిడ ఆ చెయ్యి లేస్తే గిన్నె కూడా చప్పుడు కాకుండా దించడం నేర్చుకుంది.

ఒకరోజు ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ తన సన్నటైర్ల రేసు సైకిలు తెచ్చింది. మధ్య గేర్లలో టిక్కుటిక్కుమంటోందని చెప్పింది. మేస్త్రి విన్నాడు. ఏ చప్పుడూ లేదు.

"గేర్లు నిక్షేపంగా ఉన్నాయమ్మా. రోడ్డుమీద గాలి చప్పుడయ్యుంటుంది" అని పంపేశాడు. ఆ రోజు భార్య ఇంట్లో లేదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే చూడ్డానికి వెళ్ళి, మర్నాడు పొద్దున వచ్చింది.

ఆవిడ వచ్చిన కాసేపటికే నర్సమ్మ సైకిలు నడిపించుకుంటూ మళ్ళీ వచ్చింది. అరచేతికి కట్టు ఉంది. మోకాలి దగ్గర బట్ట చిరిగిపోయి ఉంది.

"కూడలి దాటుతూ సీటు మీంచి లేచి తొక్కాను మేస్త్రిగారూ. చైను పక్క గేరు పళ్ళమీదికి ఎగిరింది. బోర్లా పడ్డాను. వెనకొస్తున్న బస్సు డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి మీ ముందు నిలబడి మాట్లాడుతున్నా" అంది. గొంతు పెంచలేదు. కేకలేసినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

మేస్త్రి సైకిలు స్టాండుకి తగిలించాడు. కళ్ళు మూసి, చెయ్యెత్తి, పెడల్ తిప్పాడు. నిశ్శబ్దం. ఇంకాస్త వేగంగా తిప్పాడు. అప్పుడూ అంతే.

"ఏమీ వినపడటం లేదే" అన్నాడు.

"అదేంటండీ, టిక్కుమంటూనే ఉందిగా. పిన్నిగారూ, మీరైనా చెప్పండి. ఎప్పుడూ చివర్లో సరిచేసిచ్చేది మీరేగా" అంది నర్సమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యని చూస్తూ.

మేస్త్రి పెడల్ వదిలేశాడు. చక్రం తనంతట తనే ఆగేదాకా భార్య ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"మీరు చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళినప్పుడు గేరు కేబుల్ మొదట్లో ఉండే ఆ చిన్న మర తిప్పేదాన్ని, చప్పుడు ఆగేదాకా. మీరు చేస్తుంటే చూసి నేర్చుకున్నదే" అంది.

"నాతో చెప్పొచ్చుగా?"

"చెయ్యెత్తి ఉంటే మాట్లాడకూడదాయె. దించగానే బాగుందని తీర్పు చెప్పేసేవారు. వచ్చినవాళ్ళ ముందు కాదనమంటారా?"

ఆయన నిలువునా నీరైపోయాడు. బరువైన కిర్రులు వినపడుతూనే ఉన్నాయి కాబట్టి సన్నటి చప్పుళ్ళు వినపడటం ఎప్పుడు మానేశాయో ఆయనకే తెలియలేదు. ఎంతమందిని బాగుందని పంపించేశాడో తలుచుకుంటే లెక్క తేలలేదు.

"ఇంకా ఎంతమంది పడ్డారో" అన్నాడు నెమ్మదిగా.

"ఎవరూ పడలేదు. అన్నీ నేను చూసే పంపాను. నిన్న ఒక్కరోజే లేను" అంది ఆవిడ.

ఈ మాట ఓదార్పుకే అంది గానీ, ఆయనకి అదే పెద్ద దెబ్బయింది. వీధి అంతా మెచ్చుకున్న పనిలో తనదెంతో, ఆవిడదెంతో అప్పుడు తెలిసింది. నర్సమ్మ కట్టు చూడ్డానికి ముఖం చెల్లక, వంగి సైకిలు పక్కన కూర్చున్నాడు.

మర కొద్దిగా తిప్పి, పెడల్ తిప్పాడు. భార్య చక్రం వైపు చూస్తూ ఏదో అంది. ఆవిడ పెదాలు కదిలాయి గానీ మాట అందలేదు. ఇలాంటప్పుడు ఇన్నాళ్ళూ ఊకొట్టి ఊరుకునేవాడు.

"వినపడలేదు. గట్టిగా చెప్పు" అన్నాడు.

"ఇంకా రాసుకుంటోందండీ" అని ఆవిడ వీధి చివరికి వినిపించేలా చెప్పింది. ఆయన మర ఇంకాస్త తిప్పాడు.